రాసేది ఎవరికోసం? సరళ రచన, ప్రౌఢ రచనల వాదం: ఒక చారిత్రక పరిశీలన

బస్తర్ ప్రాంతంలోని దంతెవాడలో, శంఖినీ డంకినీ నదుల సంగమస్థలంలో దంతేశ్వరీదేవి ఆలయం ఉంది. ఒకే విషయాన్ని రెండు భాషలలో చెప్పే రెండు శిలాశాసనాలు అక్కడ లభించాయి. విక్రమ సంవత్సరం 1760లో, అంటే క్రీ.శ. 1703లో, బస్తర్ పాలకుడు దిక్పాలదేవుడు సకుటుంబంగా దేవీదర్శనానికి వచ్చిన సందర్భంలో వాటిని వేయించాడు. ఒకటి సంస్కృతంలో ఉంది. రెండవది ఆనాటి దేశభాషలో ఉంది. రచయిత రాజగురువైన మైథిల పండితుడు భగవాన్ మిశ్ర. ఒకసారి చెప్పిన విషయాన్ని మళ్లీ ఎందుకు చెక్కించవలసివచ్చిందో ఆయనే రెండవ శాసనంలో వివరించాడు. ప్రశస్తిని దేవభాషలో ఒక రాతిమీద రాయించామనీ, కలియుగంలో సంస్కృతం చదవగలిగేవారు కొద్దిమందే ఉంటారు కనుక మరొక రాతిమీద దేశభాషలో రాశామనీ ఆ మాటల సారాంశం. ఛత్తీస్‌గఢీ లిఖితరూపానికి తొలి ఆధారాలలో ఒకటిగా ఈ శాసనాన్ని పలువురు పేర్కొంటారు.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. రాజగురువు సంస్కృతాన్ని తక్కువ చేయలేదు; తన పాండిత్యాన్ని దాచుకోనూ లేదు. ప్రౌఢ రచనకు ఒక రాయి, సరళ రచనకు ఒక రాయి కేటాయించాడు. రెండవ రాతికి ఆయన చూపిన కారణం భాషా సౌందర్యం కాదు, చదివేవారి శక్తి.

ప్రౌఢ రచన మేలా, సరళ రచన మేలా అన్న వాదం ఇంగ్లీషులోనూ, హిందీలోనూ, తెలుగులోనూ చాలాకాలం సాగింది. దానిని సాధారణంగా అభిరుచికి సంబంధించిన వాదంగా భావిస్తారు. తెలుగువారి అనుభవాన్ని శ్రద్ధగా పరిశీలిస్తే, ఆ వాదం చుట్టూ తిరిగింది అభిరుచి కాదనీ, చదవవలసినవారు ఎవరన్న ప్రశ్న అనీ తెలుస్తుంది. ఆ ప్రశ్నకు సాహిత్యరంగంలో ఒక సమాధానం దొరికింది. కార్యాలయాల గడపలో మాత్రం అది ఇంకా నిలబడే ఉంది.

రాయ్‌పూర్‌లో ఉండి తెలుగు భాషావాదాన్ని గురించి రాయడం కొందరికి దూరాన్వయంగా తోచవచ్చు. నిజానికి ఈ రెండు ప్రాంతాల బంధం పాతది. దిక్పాలదేవుని వంశంవారు తాము ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకొన్నారు. అంతకు పూర్వం నాగవంశీయులు పాలించిన బారసూరులో తెలుగు శాసనాలు లభించాయి. ఆధునిక కాలంలో, 1931లో పూర్తయిన రైలుమార్గం రాయ్‌పూర్‌ను పార్వతీపురం మీదుగా విజయనగరంతో కలిపింది. ఆ మార్గం దక్షిణపు కొసన గురజాడ అప్పారావు నివసించిన పట్టణం ఉంది. ఆ సీమలోనే, కొండల అంచున, గిడుగు వేంకట రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఉంది. తెలుగులో సరళ రచనకోసం జరిగిన పెద్ద పోరాటం ఆ రెండు ఊళ్ల నుంచే మొదలైంది.

శాసనాల తెలుగు, పాఠశాలల తెలుగు

తెలుగు వచనం తొలుత కనిపించేది కావ్యాలలో కాదు, శాసనాలలో. రేనాటి చోళుల కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు 6వ శతాబ్దానివి. తరువాతి శతాబ్దాలలోనూ దానశాసనాలకు ఒక స్పష్టమైన ప్రయోజనం ఉండేది. దానం ఇచ్చినవారు ఎవరు, పుచ్చుకొన్నవారు ఎవరు, భూమి ఎంత, ఎల్లలు ఏవి అన్నది ఊరివారికి తెలియాలి. వంశప్రశస్తి సంస్కృత శ్లోకాలలో సాగినా, పొలం సరిహద్దుల దగ్గరకు వచ్చేసరికి శాసనం దేశభాషలోకి దిగడం దక్షిణాపథంలో తరచుగా కనిపించే పద్ధతి. గట్టు తగాదా వచ్చిననాడు అక్కరకు వచ్చేది ఆ భాగమే.

కాగితంమీద పెరిగిన వ్యవహారానికీ ఇదే వర్తిస్తుంది. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతులలోని తెలుగు, కరణాలు రోజూ రాసిన తెలుగు. అందులో పారశీక, ఉర్దూ పదాలు నిస్సంకోచంగా కలిసిపోయాయి. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు వరకు కాశీయాత్ర చేసి, దారిలో చూసినదంతా మిత్రునికి తెలియజేస్తూ రాశాడు. ఆ రచన 1838లో గ్రంథరూపం పొందింది. అది నాటి విద్యావంతుల వాడుక తెలుగు. న్యాయస్థానంలో ఉద్యోగం చేసిన ఒక వ్యక్తి, కావ్యభాషను ఆశ్రయించకుండా, ఒక దేశాన్ని కళ్లకు కట్టించగలిగాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కూడా కావ్యభాషతోపాటు వాడుక మాటలకు తన కోశంలో చోటు ఇచ్చాడు.

అయితే అదే దశకంలో మరొక పరిణామం జరిగింది. మద్రాసులో తెలుగు పండితుడుగా ఉన్న పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ను, 1858లో ‘బాలవ్యాకరణా’న్ని వెలువరించాడు. రెండూ అసాధారణమైన రచనలు. బాలవ్యాకరణం సూత్రరచనలోని బిగువుకు నేటికీ సాటి అరుదు. కాని కావ్యప్రయోగాలను ఆధారం చేసుకొన్న ఆ లక్షణం పాఠశాలల ద్వారా సాధారణ వచనానికి కూడా కొలబద్ద అయింది. ఇంట్లో ‘వస్తున్నాడు’ అనే పిల్లవాడు బడిలో ‘వచ్చుచున్నాడు’ అని రాయవలసి వచ్చింది. ‘చేస్తాను’ తప్పు, ‘చేసెదను’ ఒప్పు అయ్యాయి. అరసున్నలు, సంధులు పరీక్షలో మార్కులను నిర్ణయించే స్థితి వచ్చింది. అనాదిగా వస్తున్న సంప్రదాయమని తరువాతి తరంవారు భావించిన ఈ పాఠ్యపుస్తక వచనం, నిజానికి 19వ శతాబ్ది మధ్యభాగంలో, పరీక్షల నీడలో స్థిరపడినది.

ఒక ఇన్‌స్పెక్టరు ప్రశ్న

1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాడు. పుస్తకంలో తాను నేర్చిన తెలుగు వీధిలో వినిపించకపోవడం, వీధిలో వినిపించే తెలుగు పుస్తకంలో కనిపించకపోవడం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. కారణమేమిటని విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన గురజాడ, గిడుగుల పేర్లు సూచించాడు. వాడుక భాషా ఉద్యమానికి ఈ నలుగురి కలయిక నాంది అయింది.

గురజాడ అప్పటికే తన సమాధానాన్ని నాటకంగా చూపి ఉన్నాడు. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది; సమూలంగా పెంచి రాసిన రెండవ కూర్పు 1909లో వచ్చింది. ఆ నాటకంలో ప్రతి పాత్రా తన కులం, చదువు, వృత్తి, ఊరు తెలిసేటట్టు మాట్లాడుతుంది. గిడుగు మార్గం వేరు. ఆయన చరిత్రను అధ్యయనం చేసిన ఉపాధ్యాయుడు. శాసనాలు చదవడం స్వయంగా నేర్చినవాడు. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ, చుట్టుపక్కల కొండలలోని సవరల భాషను అభ్యసించాడు. లిపి లేని ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు బడులు నడిపాడు. తరువాతి కాలంలో సవర వ్యాకరణం, నిఘంటువు కూడా ప్రకటించాడు. సవర పిల్లవాడికి సవరలో చదువు చెప్పడం న్యాయమైనప్పుడు, తెలుగు పిల్లవాడికి వాడి తెలుగులో చెప్పడం ఎందుకు న్యాయం కాదన్న ప్రశ్న అటువంటి అనుభవం ఉన్నవారికి సహజంగానే తోస్తుంది.

ఇరుపక్షాల వాదం

1911లో మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ తరగతిలో దేశభాషా వ్యాసరచనను ప్రవేశపెట్టడంతో వాదం వీధికెక్కింది. విద్యార్థి ఏ శైలిలో రాయాలి? స్కూలు ఫైనలు పరీక్షలో గ్రాంథికమైనా, ఆధునిక వ్యావహారికమైనా వాడవచ్చునని విద్యాశాఖ వెసులుబాటు కల్పించింది. దీనిని ప్రతిఘటిస్తూ ఊరూరా సభలు జరిగాయి. పత్రికలు రెండు పక్షాలుగా చీలిపోయాయి.

గ్రాంథిక పక్షానికి నాయకుడు జయంతి రామయ్య పంతులు. ఆయన డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన అధికారి, శాసన పరిశోధకుడు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు ముఖ్యకారకుడు. తరువాత ‘శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు’ నిర్మాణానికి పూనుకొన్నవాడు. వేదం వేంకటరాయశాస్త్రి వంటి మహాపండితుడు కూడా ఆ పక్షాన నిలిచాడు. ఆయనే తన ‘ప్రతాపరుద్రీయ’ నాటకంలో నీచపాత్రలకు వాడుక మాటలు పెట్టినవాడన్నది గమనార్హం. పాత్రోచితమైన నాటకభాషగా వాడుకను ఆయన అంగీకరించాడు. శాస్త్రానికీ, వ్యాసానికీ అంగీకరించలేదు.

వారి వాదాన్ని ఛాందసమని కొట్టిపారేయడం చరిత్రకు న్యాయం కాదు. వారు లేవనెత్తిన ప్రశ్నలు మూడు. వాడుక భాష అంటే ఏ జిల్లా వాడుక, ఏ కులం వాడుక? ఒకే వ్రాతభాష ఉండబట్టే గంజాం నుంచి అనంతపురం వరకు ఒకరి పుస్తకం మరొకరు చదవగలుగుతున్నప్పుడు, ఆ కట్టు తెంచితే ఏమవుతుంది? వాడుక తరతరానికీ మారుతుంది కనుక, నేడు రాసినది నూరేళ్ల తరువాత ఎవరు చదవగలరు? తిక్కనను, పోతనను చదవగల శక్తిని పిల్లలు కోల్పోరా?

గిడుగు ఈ ప్రశ్నలకు భావావేశంతో కాక, ఆధారాలతో సమాధానమిచ్చాడు. పూర్వగ్రంథాల నుంచి, వ్యాఖ్యానాల నుంచి, శాసనాల నుంచి వాడుక రూపాలను వేలకొలదిగా ఏరి చూపాడు. గ్రాంథికవాదులు రాసే గ్రాంథికంలోనే వారి వ్యాకరణం ప్రకారం దోషాలెన్ని ఉన్నాయో లెక్కించాడు. పండితులే నిర్దుష్టంగా రాయలేని భాషను బాలురపై మోపడం ఏ విధమైన ధర్మమన్నది ఆయన ప్రశ్న. జిల్లాకొక భాష అన్న ఆక్షేపణకు, చదువుకొన్నవారి మాట అన్ని జిల్లాలలోనూ చాలావరకు ఏకరూపంగానే ఉందనీ, ఆ శిష్టవ్యవహారమే వ్రాతకు ప్రమాణం కాగలదనీ సమాధానం చెప్పాడు. ఈ ‘శిష్ట’ శబ్దం తరువాతి కాలంలో మరొక వాదానికి దారితీసింది. ఆ విషయం ముందు వస్తుంది.

ఓటమి, గెలుపు

మొదటి ఘట్టంలో గెలిచింది గ్రాంథిక పక్షం. విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో అధిక సంఖ్యాకులు గ్రాంథికాన్నే సమర్థించారు. సభ్యుడైన గురజాడ 1914లో తన అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా రాసి సమర్పించాడు. 1915 నాటికి వ్యావహారికానికి ఇచ్చిన వెసులుబాటు ఉపసంహరణకు గురైంది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ మరణించాడు. అంతటితో ఉద్యమం ముగిసిందని చాలామంది భావించారు.

గిడుగు ముగియనివ్వలేదు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను నడిపాడు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, జీవితంలో అధికభాగం గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షుడు కావడానికి అంగీకరించాడు. మరికొన్ని నెలలకే వీరేశలింగం కన్నుమూశాడు. గిడుగు ఊరూరా తిరిగి, పుస్తకాల మూటలు వెంటబెట్టుకొని, గంటలకొలది ఉపన్యసించేవాడు. 1924లో, కాకినాడకు తరలివచ్చిన ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికంపై తన నిషేధాన్ని సడలించింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నాడు. 1940 జనవరి 22న మరణించే నాటికి కథ, నవల, నాటిక, వ్యాసం దాదాపుగా వాడుకలోకి వచ్చేశాయి. విశ్వవిద్యాలయాలు తమ పరీక్షలలో, పరిశోధన గ్రంథాలలో దానిని అంగీకరించడానికి మాత్రం మరో మూడు దశాబ్దాలు పట్టింది. నేడు ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

ఇటువంటి చరిత్ర మనకొక్కరికే పరిమితం కాదు. గ్రీసు దేశంలో ‘కథారెవుసా’ అనే శుద్ధ వ్రాతభాషకూ, ‘దిమోతికీ’ అనే జనభాషకూ నడుమ ఒకటిన్నర శతాబ్దానికి పైగా సంఘర్షణ సాగింది. 1976లో చట్టం చేసి జనభాషను విద్యాభాషగా స్వీకరించేవరకు అది తెగలేదు.

కార్యాలయంలోకి రాని గెలుపు

సాహిత్యంలో, పత్రికలలో సాధించిన ఈ విజయం ప్రభుత్వ పత్రాలలోకి అదే వేగంతో రాలేదు. ఇందుకు కారణాలను పాలనాచరిత్రలో వెతకాలి.

మన కార్యాలయ రచనకు మాతృక ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు సైతం 18, 19 శతాబ్దాల న్యాయవాదుల ఇంగ్లీషు. కర్త కనిపించని కర్మణి వాక్యాలు, ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే ఉపవాక్యాలు, ఒకే అర్థానికి రెండు మూడు మాటలు దాని లక్షణాలు. ఇంగ్లీషువారు మాత్రం ఆ భారాన్ని మోస్తూ ఊరుకోలేదు. 1667లో రాయల్ సొసైటీ చరిత్రను రాసిన థామస్ స్ప్రాట్, శాస్త్రజ్ఞులు వాగాడంబరాన్ని విడిచి చేతిపనివారి మాటలకు దగ్గరగా రాయాలన్న ఆదర్శాన్ని నమోదు చేశాడు. 1940 ఆగస్టులో, యుద్ధం భీకరంగా సాగుతున్న సమయంలో, ప్రధాని చర్చిల్ నివేదికలను క్లుప్తంగా రాయాలని కోరుతూ తన ప్రభుత్వానికి ఒక పుట ఉత్తర్వు పంపాడు. 1948లో సర్ ఎర్నెస్ట్ గోవర్స్ అనే విశ్రాంత ఉన్నతాధికారి, బ్రిటిష్ ఆర్థికశాఖ కోరికపై, ఉద్యోగులకోసం సరళ రచనపై ఒక చిన్న పుస్తకం రాశాడు. 1954లో విస్తృతరూపం పొందిన ఆ పుస్తకం తరతరాల ఉద్యోగులకు పాఠ్యగ్రంథం అయింది. 1979లో క్రిస్సీ మేహర్ అనే మహిళ లండన్ పార్లమెంటు భవనం ఎదుట అర్థంకాని ప్రభుత్వ ఫారాలను వందలకొలది ముక్కలు చేసి, సరళమైన ఇంగ్లీషుకోసం ఉద్యమం ప్రారంభించింది. 2010లో అమెరికా ఇందుకోసం ప్రత్యేక చట్టమే చేసింది. ఇంగ్లీషు తన పాత భారాన్ని దించుకొంటున్న కాలంలోనే మనం ఆ భారాన్ని అనువదించి దేశభాషల తలకెత్తడం విచిత్రమైన విషయం.

ఈ సందర్భంలో రాయ్‌పూర్‌కు సన్నిహితమైన ఒక ఘట్టాన్ని పేర్కొనాలి. రాయ్‌పూర్‌లో న్యాయవాదిగా పేరుపొంది, సెంట్రల్ ప్రావిన్సెస్-బేరారు ప్రభుత్వానికి అధినేత అయిన పండిత రవిశంకర్ శుక్లా, పాలనలో ఇంగ్లీషు స్థానంలో దేశభాషలను నిలపాలని సంకల్పించాడు. ఆయన ప్రోత్సాహంతో ఆచార్య రఘువీర నాగపూరులో సంస్కృత ధాతువుల ఆధారంగా పారిభాషిక పదాలను భారీఎత్తున నిర్మించాడు. ఆశయం ఉదాత్తమైనది. పరాయి భాష లేకుండా ఆధునిక రాజ్యాన్ని నడపలేమన్న అపోహను తొలగించడం దాని లక్ష్యం. సంస్కృత మూలమైన పదం అన్ని రాష్ట్రాలకూ పనికివస్తుందన్న యుక్తి కూడా అందులో ఉంది. రాజ్యాంగం 351వ అధికరణం సైతం హిందీ పదసంపదకు ప్రధానంగా సంస్కృతాన్ని, తరువాత ఇతర భాషలను ఆధారంగా సూచించింది. కాని కచేరీలో తరతరాలుగా నలిగిన దరఖాస్తు, నకలు, పట్టా, ఖస్రా వంటి మాటలు పల్లెటూరి రైతుకు సైతం తెలిసినవి. వాటికి బదులుగా వచ్చిన కొత్త మాటలు ఇంగ్లీషు రాని రైతుకు ఇంగ్లీషంత దూరంగానే ఉండిపోయాయి. 2011 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ పరిధిలోని రాజభాషా విభాగం, ప్రభుత్వ హిందీలో వాడుకలో ఉన్న ఉర్దూ, ఇంగ్లీషు మాటలను నిరాకరించనవసరం లేదని సూచన జారీచేయవలసి వచ్చింది.

తెలుగులోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. కార్యాలయాలలో తెలుగు పెరిగింది. కాని ఏ తెలుగు? ఉదాహరణకోసం కల్పించిన ఈ వాక్యాన్ని చూడండి: ‘దరఖాస్తుదారుచే సమర్పించబడిన అభ్యర్థన, సంబంధిత అభిలేఖముల పరిశీలనానంతరము, నిబంధనల ననుసరించి పరిగణనార్హము కానందున తిరస్కరించబడినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.’ ఇటువంటి వాక్యాలు మనలో ఎవరికీ కొత్త కాదు. ఇదే విషయాన్ని ఇలా కూడా రాయవచ్చు: ‘మీ దరఖాస్తు చూశాము. దానితో పట్టాదారు పాసుపుస్తకం నకలు లేదు. అందువల్ల అంగీకరించలేదు. నకలు జతచేసి 30 రోజులలోగా మళ్లీ ఇవ్వండి.’

రెండవ రూపం తేలికైన మాటలలో ఉండటం ఒక్కటే విశేషం కాదు. దానిని రాయాలంటే మొదటి వాక్యంలో లేని రెండు విషయాలు రాసేవారికి తెలిసి ఉండాలి: తిరస్కరణకు అసలు కారణం, దరఖాస్తుదారు తరువాత చేయవలసిన పని. ప్రౌఢమైన కార్యాలయ వాక్యం ఆ రెండింటినీ చెప్పకుండానే పూర్తి కాగలదు. నిర్ణయించినవారు ఎవరన్నది కూడా ‘బడినది’ అన్న క్రియలో మరుగున పడిపోతుంది. సరళంగా రాయడం కష్టమని అధికారులు అనుకోవడానికి కారణం భాషాజ్ఞానం చాలకపోవడం కాదు. సరళ వాక్యం రాసినవారిని జవాబుదారీ చేస్తుంది. గిడుగు కాలంలో గ్రాంథికం పిల్లవాడిని పరీక్షలో ఓడించేది. ఈ కొత్త గ్రాంథికం రైతును మళ్లీ మళ్లీ తహశీలు కార్యాలయం చుట్టూ తిప్పుతుంది, దినకూలి పోగొడుతుంది, గడువు దాటిపోయేటట్టు చేస్తుంది.

ఎవరికి సరళం?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి వాడుక భాషలో రాస్తే చాలునని నిర్ణయించడం తొందరపాటు. జయంతి రామయ్య పంతులు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఎవరి వాడుక?’ అన్నది, ఆయన ఓడిపోయినా మిగిలింది.

శిష్టవ్యవహారం పేరిట స్థిరపడిన వ్రాతభాషలో కోస్తా జిల్లాల విద్యావంతుల పలుకుబడి ప్రధానమైంది. 1948 వరకు ఉర్దూ పాలనాభాషగా ఉన్న నిజాం రాజ్యంలో పెరిగిన తెలంగాణ తెలుగుకు వేరే పలుకుబడి, వేరే పదసంపద ఉన్నాయి. 1956 తరువాత బడిలో, పత్రికలో, సినిమాలో తమ మాట తప్పుగానో, హాస్యంగానో కనిపించడం అక్కడివారికి బాధ కలిగించింది. బడిపలుకుల భాషకూ జనం పలుకుబడికీ ఉన్న తేడాను కాళోజీ నారాయణరావు జీవితాంతం ఎత్తిచూపాడు. కొద్ది జిల్లాల మాట అందరికీ ప్రమాణం కావడాన్ని ఆయన అంగీకరించలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం అయింది. గిడుగు జయంతికీ కాళోజీ జయంతికీ నడుమ ఉన్నది 11 రోజులే. ఒకటి వాడుక భాష గెలిచిన పండుగ. రెండవది ఆ గెలుపులో లెక్కకు రాని వాడుకలను గుర్తుచేసే పండుగ.

ఛత్తీస్‌గఢ్ అనుభవం కూడా ఇదే పాఠం చెబుతుంది. ఉపాధ్యాయుడైన హీరాలాల్ కావ్యోపాధ్యాయ 1885లోనే ఛత్తీస్‌గఢీ భాషకు వ్యాకరణం రాశాడు. జార్జి గ్రియర్సన్ దానిని ఇంగ్లీషులోకి అనువదించి 1890లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు సవర భాషకు చేసినదీ, ఈ ఉపాధ్యాయుడు తన భాషకు చేసినదీ ఒకే జాతి పని. 2000లో రాష్ట్రం ఏర్పడింది. 2007 నవంబరు 28న శాసనసభ ఛత్తీస్‌గఢీని హిందీతోపాటు రాజభాషగా గుర్తించే బిల్లును ఆమోదించింది. అయినా ప్రభుత్వ పత్రవ్యవహారం ప్రధానంగా హిందీలోనే సాగుతోంది. రాయ్‌పూర్ విద్యావంతునికి సరళంగా తోచే హిందీ, బస్తర్‌లో హల్బీ గాని గోండీ గాని మాట్లాడే వృద్ధురాలికి సరళం కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, పౌరుల సమ్మతి కోరే విజ్ఞప్తి స్పష్టమైన సరళ భాషలో ఉండాలనీ, ఇంగ్లీషులో గాని, 8వ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలనీ నిర్దేశిస్తుంది. ఇది స్వాగతించదగిన నియమం. కాని ఛత్తీస్‌గఢీ, గోండీ, హల్బీ ఆ షెడ్యూలులో లేవు.

ప్రౌఢ రచనకు చోటు

సరళతను కోరడమంటే ప్రౌఢతను బహిష్కరించడం కాదు. శాస్త్రానికి పారిభాషిక పదాలు అవసరం. న్యాయశాస్త్రంలో ఒక మాటకు శతాబ్దాల తీర్పుల బలం ఉంటుంది. దానిని తేలికపరచబోతే అర్థమే మారవచ్చు. కావ్యంలో శ్లేష, సమాసం, దీర్ఘవాక్యం పాఠకునికి కలిగించే ఆనందాన్ని సరళ వాక్యం ఇవ్వలేదు. కావ్యపాఠకుడు తన ఇష్టంతో వస్తాడు. అర్థం కాకపోతే మళ్లీ చదువుతాడు, లేదా పుస్తకం మూస్తాడు. నోటీసు అందుకొన్న పౌరునికి ఆ స్వేచ్ఛ లేదు. అర్థమైనా కాకపోయినా అది అతనికి వర్తిస్తుంది. గ్రాంథికవాదులు కాపాడదలచుకొన్నది మొదటి పాఠకుని సంపద. గిడుగు కాపాడదలచుకొన్నది రెండవ పాఠకుని హక్కు. ఈ రెండింటికీ నిజమైన వైరం లేదు. ఒకదాని చోటులో మరొకదానిని నిలిపినప్పుడే వైరం పుట్టింది.

ఈ చరిత్ర నుంచి పాలనారంగం గ్రహించదగిన పనులు కొన్ని ఉన్నాయి. వాడుకలో పాతుకొన్న మాట ఏ మూలం నుంచి వచ్చినా దానిని ఉంచడం మొదటిది. వాక్యంలో పని చేసినవారిని, కారణాన్ని, గడువును విడివిడిగా చెప్పడం రెండవది. చట్టం మాటను మార్చలేని చోట దాని కిందనే వివరణ ఇవ్వడం మూడవది. దంతెవాడలోని రెండవ రాయి చేసిన పని అదే. నమూనా పత్రాలను ముద్రణకు పంపేముందు ఆ ప్రాంతపు సామాన్యులకు చదివి వినిపించి, వారికి అర్థమైనది వారి మాటలలో చెప్పించుకోవడం నాలుగవది. దీనికి ప్రత్యేక నిధులు గాని, కొత్త సంఘాలు గాని అక్కరలేదు. తహశీలు కార్యాలయం వరండాలో అర్జీతో కూర్చున్న నలుగురిని పిలిచి, అరగంట సమయం కేటాయిస్తే సరిపోతుంది.